దోమ గుట్టు పట్టిన పటాలం డాక్టరు – సర్ రొనాల్డ్ రాస్

నౌపడలో చిన్న రైలెక్కి, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వైపు బదిలీ మీద వెళ్ళిన పాతతరం ఉద్యోగులకు చలిజ్వరం సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఏజెన్సీకి ఆర్డరు వచ్చిందంటే ఇంట్లోవాళ్ళు ముందు దోమతెర, ఆ తరువాతే బట్టలు సర్దేవారు. పోస్టాఫీసుల్లో క్వినైన్ పొట్లాలు అమ్మిన కాలం పెద్దవాళ్ళ నోట మనం విన్నదే. ఈ జ్వరం మనవంటి ఉద్యోగులనే కాదు, దేశాలు గెలిచిన సైన్యాలనూ మంచం పట్టించింది. 1879-80లో రంప పితూరీ అణచడానికి మన్యం ఎక్కిన సిపాయిలను కూడా అది వదలలేదు.

ఆ జ్వరం మనిషికి ఎలా అంటుతుందో మన తెలుగు గడ్డమీద, సికిందరాబాదులో కనిపెట్టిన వ్యక్తి సర్ రొనాల్డ్ రాస్. ఆయన పటాలం డాక్టరు. ఉద్యోగంలో బదిలీలు, విరమణ తరువాత గుర్తింపు కోసం అర్జీలు, అన్నీ చూసినవాడు. అందుకే ఆయన కథ మన పెన్షనర్లకు పరాయి కథ అనిపించదు.

రాస్ 1857 మే 13న హిమాలయాల దగ్గరి అల్మోరాలో పుట్టాడు. అప్పటికి మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై మూడు రోజులైంది. తండ్రి సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో రాస్ పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువుకు ఇంగ్లండు పంపారు. కుర్రవాడికి బొమ్మలు గీయడం, కవిత్వం, లెక్కలు ఇష్టం. తండ్రికి మాత్రం కొడుకు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాలని కోరిక. తండ్రి మాటే నెగ్గింది. లండనులో అయిష్టంగానే వైద్యం చదివాడు. ఒక పరీక్ష తప్పి, కొంతకాలం ఓడలో డాక్టరుగా పనిచేసి, మళ్ళీ రాసి గట్టెక్కాడు. 1881లో సర్వీసులో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు.

మద్రాసు, బెంగుళూరు, అండమాన్ దీవులు, 1885లో మొదలైన మూడో బర్మా యుద్ధం, ఇలా తిరిగాడు. బెంగుళూరులో ఉండగా తన బంగళా దగ్గర తొట్టి నీళ్ళలో దోమ పిల్లలు ఈదుతుండడం చూశాడు. తొట్టి బోర్లించగానే దోమలు తగ్గాయి. మిగతా చోట్ల కూడా అలాగే చేద్దామని పటాలం అధికారికి చెబితే ఆయన ఒప్పుకోలేదు. ఆఫీసుల్లో మంచి సలహా ఇచ్చి భంగపడిన మన మిత్రులకు ఇందులో వింత ఏమీ కనిపించదు.

1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగుల రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. అయితే అది ఒంట్లోకి ఎలా వస్తోందో తేలలేదు. చిత్తడినేలల చెడుగాలి అని కొందరు, నీళ్ళు అని కొందరు నమ్మేవారు. 1894లో సెలవుమీద లండను వెళ్ళిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఆ క్రిమిని మైక్రోస్కోపులో చూపించి, దీనికి దోమతో సంబంధం ఉండవచ్చని తన ఊహ చెప్పాడు. ఆ మాట పట్టుకుని రాస్ 1895లో సికిందరాబాదు చేరాడు.

రెండేళ్ళు శ్రమపడినా ఫలితం లేకపోయింది. ఆయన కోస్తున్నవి వేరే జాతి దోమలు. మధ్యలో కలరా పనిమీద బెంగుళూరు పంపారు. నీలగిరుల దగ్గర పరిశోధనకు వెళ్ళి తానే మలేరియా తెచ్చుకున్నాడు. 1897లో మళ్ళీ సికిందరాబాదు వచ్చాడు. బేగంపేటలోని చిన్న ఆసుపత్రి గదిలో ఆగస్టు ఉక్కలో కూర్చుని పనిచేసేవాడు. పంకా లాగిస్తే కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దనేవాడు. నుదుటి చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి.

ఈసారి రెక్కలమీద మచ్చలున్న దోమలు దొరికాయి. వాటినే అనాఫిలిస్ అంటారు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి తన రక్తాన్ని వాటిచేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా కూలి. 1897 ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని పొట్ట గోడలో నల్లటి రంగు పొడితో గుండ్రని కణాలు కనిపించాయి. మర్నాడు మరో దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతోందని తేలిపోయింది. ఆ రోజున రాస్ ఒక పద్యం కూడా రాసుకున్నాడు.

పని చివరికి వస్తున్న సమయంలో ఆయనను రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులే లేరు. మాన్సన్ గట్టిగా ప్రయత్నించాక 1898లో కలకత్తాలో ప్రత్యేక డ్యూటీ దొరికింది. మనుషుల మీద ప్రయోగం కుదరక పక్షుల మలేరియాను పట్టుకున్నాడు. ఆ జూలైలో క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కాటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు ఎక్కుతుందని నిరూపించాడు. అదే ఏడాది చివర గ్రాస్సీ మొదలైన ఇటలీ శాస్త్రజ్ఞులు మనుషుల విషయంలో దానిని రుజువు చేశారు. ఈ ఘనత ఎవరిదన్న తగవు చాలా ఏళ్ళు సాగింది. రాస్ మాట పడేవాడు కాదు, మాట అనడానికి వెనుకాడేవాడూ కాదు.

1899లో సర్వీసు విడిచి లివర్‌పూల్‌లో ఉష్ణదేశ వ్యాధుల విద్యాలయంలో చేరాడు. 1902లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. బ్రిటిష్ వారిలో ఆ బహుమతి పొందిన మొదటివాడు ఆయనే. 1911లో సర్ బిరుదు కూడా వచ్చింది.

ఆయన కనిపెట్టినది సైన్యాలకు ఎంత అవసరమో యుద్ధాలు చూపించాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్రీసులోని సలోనికా రంగంలో మలేరియాతో బ్రిటిష్ సైన్యం ఆసుపత్రుల్లో చేరిన కేసులు లక్షన్నరకు పైమాటే. పోరులో దెబ్బతిన్నవారు అందులో చాలా తక్కువ వంతు. సైన్యానికి మలేరియా సలహాదారుగా 1917లో రాస్ అక్కడికి బయలుదేరితే, దారిలో ఆయన ఓడమీద టార్పెడో దాడి జరిగింది. ప్రాణాలతో బయటపడ్డాడు. ఆయన పోయాక, 1943లో బర్మా రంగంలో గాయపడి వెనక్కి తరలించిన ఒక్కొక్కరికి 120 మంది జబ్బుపడి వచ్చేవారు. అందులో మలేరియాది పెద్ద వాటా. జనరల్ స్లిమ్ ప్రతి సిపాయి రోజూ మెపాక్రిన్ మాత్ర మింగి తీరాలని ఆజ్ఞ వేసి, పాటించని ముగ్గురు కమాండర్లను తొలగించాడు. అప్పుడే వ్యాధి అదుపులోకి వచ్చింది. ఆ యుద్ధకాలంలో వాడకానికి వచ్చిన డి.డి.టి.నే 1953 నుంచి మన దేశంలో మలేరియా నివారణకు ఇంటింటా పిచికారీ చేశారు. ఆ సిబ్బంది గోడలమీద వేసిపోయిన తేదీల ముద్రలు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఇంత పేరు వచ్చినా రాస్‌కు ఒక వెలితి మిగిలింది. మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్‌కు పార్లమెంటు 30,000 పౌనులు ఇచ్చింది. తనకూ ప్రతిఫలం ఇవ్వాలని రాస్ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అది చెల్లలేదు. 1928లో తన కాగితాలను 2,000 పౌనులకు అమ్ముకున్నాడు. 1931లో భార్య పోయింది. 1932 సెప్టెంబరు 16న లండనులో ఆయనా కన్నుమూశాడు.

ఆయన బాధ న్యాయమైనదే. అయితే ఆయనకంటే చిన్న పద్దు మరొకటి ఉంది. కలకత్తాలో తోడు నిలిచిన కిశోరీ మోహన్ బందోపాధ్యాయకు ఆ తరువాత బంగారు పతకం దక్కింది. తన రక్తం ఇచ్చిన హుసేన్ ఖాన్‌కు దక్కింది దోమకు ఒక అణా. అయినా ఆ పేరు నేటికీ నిలిచింది, ఎందుకంటే రాస్ దానిని రాసిపెట్టాడు. పెద్ద పని వెనుక ఉన్న చిన్న ఉద్యోగి పేరు కాగితం మీద ఎక్కించడం కూడా ఒక న్యాయమే.

బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉంది. 1997లో, కనుగొని నూరేళ్ళయిన సందర్భంగా, దానిని బాగుచేశారు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. పిల్లల దగ్గరికి హైదరాబాదు వెళ్ళినప్పుడు సభ్యులు మనుమలకు ఆ చోటు చూపించి ఈ కథ చెప్పవచ్చు. ఇంటికి వచ్చాక పెరట్లో నీళ్ళు నిలిచిన కుండలు, పాత టైర్లు బోర్లించడం మాత్రం మరువవద్దు. బెంగుళూరులో ఆ అధికారి వినని సలహా అదే.