ఘంటసాల గారు పాట నేర్చుకున్న విధం

ఘంటసాల వెంకటేశ్వరరావు గారి గొంతు వినని వాళ్లు మన బడిలో ఎవరూ లేరు. పేరు తెలియకపోయినా గొంతు తెలుసు. ఎవరైనా చనిపోతే బండి మీద మైకు కట్టి భగవద్గీత పెడతారు గదా, ఆ పాడే గొంతు ఆయనదే. అందుకే ఐదో తరగతి పిల్లలు అది వినపడంగనే ఎవరు పోయిండ్రని అడుగుతరు. పాడేది ఎవరో ముసలి స్వామి అని కొందరు అనుకుంటరు. కానే కాదు. ఆయన సినిమా పాటగాడు, సంగీత దర్శకుడు, కొంచెం నటుడు కూడా. 51 ఏళ్లకే పోయారు.

ఈ సంచికకు ఆయన గురించే ఎందుకంటే, పెద్దయ్యాక ఏమైతవు అంటే పోలీసు, టీచరు అనేవాళ్ల పక్కన ఇప్పుడు సింగర్ అయిత, హీరోయిన్ అయిత అనేవాళ్లు మన దగ్గర ఎక్కువైనరు. నేనూ వాళ్లల్లో ఒకదాన్ని. మా తాండల తీజ్ వచ్చిందంటే తొమ్మిది దినాలు ఆడపిల్లలం పాటలే పాటలు. అప్పుడు అందరికీ సంతోషమే. పదో తరగతి అయినంక సంగీతం నేర్చుకుంటనంటే మాత్రం మా బా మాట్లాడడు. చెరుకు కొట్టే ఇంటికి పాట అన్నం పెట్టదని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని పాటతోనే బతికిన ఒక మనిషి అసలు ఎట్లా బతికిండో చూద్దామని తెలుగు సారును అడిగి, లైబ్రరీలో దొరికింది చదివి ఇది రాస్తున్నాను.

ఘంటసాల గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణ గారు భజనల్లో నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకును భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవారు. పిల్లవాడు ఆ తరంగాలకు తగ్గట్టు నాట్యం చేస్తుంటే ఊళ్లో వాళ్లు బాల భరతుడని పిలిచేవారట. అంటే మొదలు వచ్చింది పాట ఒక్కటే కాదు, ఆట కూడా. తండ్రి చిన్నతనంలోనే పోయారు. కొడుకు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలని ఆయన చివరి కోరిక. తరువాత మేనమామ చేరదీశారు.

ఇక్కడి నుంచి జరిగింది మనం నిదానంగా చదవాలి. సంగీతం నేర్చుకోవాలని ఆ పిల్లవాడు విద్వాంసుల ఇళ్లలో పనికి కుదిరాడు. ఒక ఇంట్లో ఏడాది ఉంటే బట్టలు ఉతకడం వచ్చింది. ఇంకో ఇంట్లో ఏడాది ఉంటే వంట వచ్చింది. సంగీతం మాత్రం రాలేదు. రెండేళ్లు అట్లనే పోయినయి. చివరికి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వేలి ఉంగరం అమ్ముకుని ఆ డబ్బుతో విజయనగరం రైలెక్కాడు. అక్కడ 1919లో గజపతి రాజులు పెట్టిన సంగీత కళాశాల ఉంది. తీరా పోతే వేసవి సెలవులు, కాలేజీకి తాళం! ప్రిన్సిపాల్ గారిని బతిమాలుకుని ఆ ఆవరణలోనే ఉన్నాడు. తిండికి వారాలు చేసుకున్నాడు. వారాలు అంటే సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో తినడం. కొన్నాళ్లకు వేరే పిల్లలు చేసిన తప్పుకు ఈయనను కాలేజీలో నుంచి తీసేశారు. ఆ సంగతి తెలిసి అన్నం పెట్టే ఇళ్లవాళ్లు కూడా రావద్దన్నారు. దిక్కులేక ఊళ్లోని ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు.

ఆ గుడి దగ్గర కనబడిన పిల్లవాడిని ఇంటికి తీసుకుపోయిన మనిషి పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆయనా బీదవాడే. పాఠం పైసా తీసుకోకుండా చెప్పగలరు గాని రోజూ అన్నం పెట్టలేరు. అందుకని శిష్యుడు జోలె కట్టుకుని వీధి వీధి తిరిగి అన్నం అడుక్కొచ్చుకునేవాడు. దాన్ని మధుకరం అంటారు. రాత్రికి దాచుకున్న అన్నం గుడ్డలో కడితే చీమలు పట్టేవి. ఒక గిన్నె కొనే డబ్బు లేక మేనమామకు ఉత్తరం రాసి, ఆయన పంపితే డబ్బా కొనుక్కున్నాడు. నాకు ఈ డబ్బా సంగతే అన్నింటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది. మనం మెస్సులో పప్పు నీళ్లగా ఉందని గొడవ చేస్తం (చేయాలి, అది వేరే సంగతి), కానీ పళ్లెం అయితే మన చేతిలో ఉన్నది.

శాస్త్రి గారు తెల్లవారుజామున నాలుగింటికి లేపి సాధన చేయించేవారు. తరువాత ఘంటసాల గారు మళ్లీ కాలేజీలో చేరి, నాలుగేళ్ల చదువు రెండేళ్లలో ముగించి పట్టా తెచ్చుకున్నారు.

పట్టా చేతికి రాంగనే పని రాలేదు. సొంత ఊరికి పోయి పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో పాడారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి ఏడాదిన్నర జైలులో ఉన్నారు. 1944లో సావిత్రి గారితో పెళ్లయింది. అత్తగారి ఊరు పెదపులివర్రులో సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య గారు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. సినిమావాళ్లే రమ్మన్నారు కాబట్టి ఇక అయిపోయిందనుకుంటాం. మద్రాసులో ఒక గ్రామఫోన్ కంపెనీవాళ్లు ఆయన గొంతు పనికిరాదని పంపించేశారు. సముద్రాల గారి చిన్న ఇంట్లో భారం కాకూడదని, పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలు ఇచ్చి రాత్రిళ్లు పార్కులో పడుకునేవారని చెప్తారు. పగలు స్టూడియోల చుట్టూ తిరగడమే.

అప్పుడు దొరికిన పని ఏమిటంటే, గుంపులో ఒకడిగా కోరస్ పాడటం, చిన్న చిన్న వేషాలు, ఆకాశవాణిలో పాటలు. సీతారామ జననం (1944)లో అట్లాగే మొదలుపెట్టారు. చిత్తూరు నాగయ్య గారి త్యాగయ్య (1946)లో, యోగి వేమన (1947)లో చిన్న వేషాలు వేశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు సినిమాల్లో నటించేవాళ్లే పాడాలి. పాట రాకపోతే వేషం రాదు. కెమెరా ముందు నిలబడి నటిస్తూ పాడుతుంటే, వాయిద్యాలవాళ్లు కెమెరాకు కనబడకుండా పక్కన కూర్చుని వాయించేవాళ్లు. నాగయ్య గారు, భానుమతి గారు అట్లా రెండూ వచ్చినవాళ్లు. తరువాత నేపథ్యగానం వచ్చింది. పాటను ముందే స్టూడియోలో రికార్డు చేసుకుని, షూటింగులో దాన్ని వినిపిస్తే నటుడు పెదవులు కదుపుతాడు. దాంతో పాడే పని వేరు, నటించే పని వేరు అయిపోయినయి. ఘంటసాల గారు సరిగ్గా ఆ మలుపు దగ్గర మద్రాసులో దిగారు. స్వర్గసీమ (1945)లో భానుమతి గారితో కలిసి పాడారు, దానికి 116 రూపాయలు ఇచ్చారట. (భానుమతి గారు పాడి, నటించి, డైరెక్షన్ కూడా చేశారు. ఆమె గురించి ఇంకొకరు రాయాలి, రాయకపోతే నేనే రాస్తా.)

నా అభిప్రాయం ఏమిటంటే, ఆ చిన్న వేషాలు వృథా పోలేదు. నటుడిగా ఆయన నిలబడలేదు, నిజమే. కానీ పాట పాడేటప్పుడు తెర మీద ఎవరున్నారో ఆయనకు తెలుసు. ఎన్టీ రామారావు గారికి ఒక తీరు, అక్కినేని నాగేశ్వరరావు గారికి ఇంకో తీరు పాడారు. దేవదాసు (1953)లో తాగినవాడి గొంతు వింటే తాగినవాడే అనిపిస్తది. నటన గొంతులోకి వచ్చిందన్న మాట. సింగర్ అయితననే వాళ్లు బడి నాటకంలో వేషం ఇస్తే వద్దనకుండా వేయాలని నేను అనేది అందుకే.

సంగీత దర్శకుడిగా కీలుగుర్రం, మన దేశం (రెండూ 1949), పాతాళ భైరవి (1951), గుండమ్మ కథ (1962), ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ రాస్తే ఈ చార్టు చాలదు. డబ్బు వచ్చినంక పరోపకారం (1953) లాంటి సినిమాలు సొంతంగా తీస్తే అవి కలిసిరాలేదు. పాట తెచ్చిన డబ్బు సినిమా తీయడంలో పోవడం ఆ రోజుల్లో చాలామందికి జరిగింది. మా బా లెక్కలో ఇది కూడా కలుపుకోవచ్చు.

జోలె పట్టిన రోజులను మాత్రం ఆయన మరువలేదు. గురువు శాస్త్రి గారిని మద్రాసులో తన ఇంట్లో ఉంచుకున్నారు. గురువు గారి కొడుకు పట్రాయని సంగీతరావు గారు ఎన్నో ఏళ్లు ఘంటసాల గారి పక్కనే హార్మోనియం వాయిస్తూ సంగీతంలో సాయంగా ఉన్నారు. శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం (1960)లో ఘంటసాల గారు తెర మీద కూడా కనబడతారు. దేవుడి ముందు కూర్చుని పాడే గాయకుడిగా ఆయనే పాడి ఆయనే నటించారు. ఎక్కడైనా దొరికితే చూడండి, ముఖం ఎంత ప్రశాంతంగా ఉంటదో.

1970లో పద్మశ్రీ ఇచ్చారు. 1971లో ఐరోపా, అమెరికా తిరిగి పాడారు. అప్పటికే ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. ఆ జబ్బుతోనే భగవద్గీత రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో చనిపోయారు. గీత రికార్డు ఆ తరువాతనే బయటికి వచ్చింది.

విజయనగరం కాలేజీ ఇప్పటికీ నడుస్తున్నది. మనకు దగ్గర అంటే హైదరాబాదు రాంకోటిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నది. జహీరాబాద్‌లో బస్సెక్కితే పొద్దుగాల పోయి మాపటికి రావచ్చు. చేరడానికి వయసెంత ఉండాలి, ఫీజెంత, హాస్టల్ దొరుకుతదా అన్నవి కనుక్కొస్తనని తెలుగు సారు అన్నరు. ఆ కాగితం రాంగనే ఒకటి ఈ గోడ మీద అంటిస్తా, ఇంకొకటి మా బాకు చూపిస్తా.