పక్షుల వెంట సాగిన జీవితం

దసరా నాటి సాయంకాలం కుటుంబమంతా కలిసి ఊరి పొలిమేరకు వెళ్లడం తెలంగాణ పల్లెలలో తరతరాల ఆచారం. జమ్మిచెట్టును పూజించి, పాలపిట్టను చూచి, పెద్దల చేతిలో జమ్మి ఆకు పెట్టి ఆశీస్సులు పొందుతారు. ఆ పిట్ట కంటబడితే ఏడాదంతా శుభం కలుగుతుందని విశ్వాసం. పారిశ్రామికవాడల నడుమనున్న జిన్నారం వంటి ఊళ్లలోనూ ఆనాడు పిల్లల చూపులు చెట్ల కొమ్మలను, కరెంటు తీగలను వెతుకుతాయి. మనం ఏడాదికి ఒకనాడు చేసే ఈ పక్షిదర్శనాన్ని జీవితాంతం ఒక దీక్షగా సాగించిన మహనీయుడు డాక్టర్ సాలిం అలీ. జిన్నారం ఒకనాడు హైదరాబాదు సంస్థానంలో భాగం. ఆయన చేపట్టిన ప్రాంతీయ పక్షి సర్వేలలో మొదటిది ఆ సంస్థానంలోనే జరిగింది.

సాలిం అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించారు. తల్లిదండ్రులకు ఆయన కడగొట్టు సంతానం. ఏడాది వయస్సులో తండ్రిని, మూడేళ్ల వయస్సులో తల్లిని కోల్పోయారు. సంతానం లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పసివాణ్ణి చేరదీసి పెంచారు. మేనమామ వేటను ఇష్టపడేవారు. ఆ రోజులలో వేట ఘనమైన వినోదంగా చెలామణి అయ్యేది. బాలునికి కూడా ఒక చిన్న గాలితుపాకి లభించింది. ఒకనాడు ఆ తుపాకితో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపుపచ్చని మచ్చ కనిపించింది. అది మామూలు ఊరపిచ్చుక కాదని బాలుడు గ్రహించి, మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. అయినా ప్రశ్నను కొట్టివేయక, తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి మేనల్లుణ్ణి పంపారు.

1908లో జరిగిన ఈ సంఘటన సాలిం అలీ జీవితాన్ని మలుపు తిప్పింది. సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిచ్చుక జాతిని గుర్తించి చెప్పడమే కాక, అక్కడ భద్రపరచిన వందలాది పక్షుల నమూనాలను బాలునికి ఓపికగా చూపించారు. చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చారు. తమకు తెలియని దానిని తెలిసిన వారి వద్దకు పంపిన పెద్దవారు ఒకరు, పిల్లవాని ప్రశ్నను గౌరవించిన పెద్దవారు మరొకరు. వీరిరువురి ఆదరణ వల్ల వేటగాడు కావలసిన బాలుడు శాస్త్రజ్ఞుడయ్యాడు.

జీవనోపాధి మార్గం మాత్రం అంత సులభంగా దొరకలేదు. యౌవనారంభంలో ఆయన బర్మాకు వెళ్లి అన్నగారి గనుల, కలప వ్యాపారాలలో పనిచేశారు. అక్కడి అడవులు ఆయన కంటికి పదును పెట్టాయి గాని, వ్యాపారం కలిసిరాలేదు. 1918 డిసెంబరులో తహ్మినా బేగంతో వివాహం జరిగింది. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు ప్రకృతి విశేషాలు వివరించే ఉద్యోగం లభించింది. పక్షిశాస్త్రాన్ని క్రమపద్ధతిలో నేర్చుకోవాలనే తపనతో 1928లో సెలవు పెట్టి జర్మనీకి వెళ్లి, బెర్లిన్‌లో ప్రసిద్ధ శాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగివచ్చేసరికి, నిధులు లేవన్న కారణంతో ఆ ఉద్యోగాన్నే రద్దు చేశారు.

చేతిలో విద్య ఉన్నది, పని లేదు. దంపతులు బొంబాయి సమీపాన సముద్రతీరంలోని కిహిం గ్రామానికి మకాం మార్చారు. వారి ఇంటికి దగ్గరలో చెట్ల మీద గిజిగాళ్లు గూళ్లు అల్లుకొంటున్నాయి. సాలిం అలీ ఆ వానాకాలమంతా వాటిని గమనించి, చూచినది చూచినట్లు వ్రాసుకొన్నారు. మగపక్షి గూటిని సగం వరకు అల్లుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చితేనే అందులో చేరుతుంది. ఆపైన మగపక్షి ఆ గూటిని పూర్తిచేసి, మరొక ఆడపక్షి కోసం ఇంకొక గూటికి పూనుకొంటుంది. మన పల్లెలలో తాటికమ్మలకు వ్రేలాడే గూళ్లను ఎరుగనివారు లేరు. కాని వాటి వెనుకనున్న ఈ సంసార రహస్యాన్ని ఓపికతో ఛేదించినవారు సాలిం అలీ. 1931లో వెలువడిన ఈ పరిశీలన శాస్త్రలోకంలో ఆయనకు పేరు తెచ్చింది.

అప్పటికి సంస్థానాలలోని పక్షిసంపదను గురించి క్రమబద్ధమైన సమాచారం చాలా తక్కువ. ప్రయాణ, శిబిర వ్యయాలు భరిస్తే చాలు, ప్రతిఫలం లేకుండా సర్వే చేస్తానని సాలిం అలీ ముందుకు వచ్చారు. అలా 1931–32లో హైదరాబాదు సంస్థాన పక్షి సర్వే సాగింది. తహ్మినా నగర సౌఖ్యాల మధ్య పెరిగిన స్త్రీ. అయినా భర్త వెంట అడవిబాట పట్టి, డేరాలలో నివసిస్తూ, శిబిర బాధ్యతలను పంచుకొన్నారు. చెంచుల నివాసభూమి అయిన నల్లమలలోని మన్ననూరు, ఫరహాబాదు ప్రాంతాలలోనూ ఈ సర్వే జరిగింది. రహదారులు, వాహన సదుపాయాలు అంతంతమాత్రమైన కాలమది. తెల్లవారకముందే లేచి నడవడం, పక్షుల నమూనాలు సేకరించడం, ప్రతి నమూనాకు స్థలం, తేదీ తెలిపే చీటీ కట్టడం వారి నిత్యకృత్యం. ఇంగ్లండులోని పక్షిశాస్త్రజ్ఞుడు హ్యూ విస్లర్ ఆ నమూనాలను పరిశీలించి వివరణలు వ్రాశారు. సర్వే ఫలితాలు 1933–34లో సొసైటీ పత్రికలో వరుసగా ప్రచురితమయ్యాయి. ఆ తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్ మొదలైన సంస్థానాలలోనూ దంపతుల పయనం సాగింది.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం తహ్మినా మరణించారు. తోడునడిచిన అడుగుల చప్పుడు ఆగిపోయింది. సాలిం అలీ తీవ్రంగా క్రుంగిపోయారు. సోదరి కమూ, ఆమె భర్త హసన్ అలీ ఆయనను తమ ఇంట ఉంచుకొని ఆదరించారు. బాల్యంలో మేనమామ ఇల్లు, యౌవనంలో భార్య సాహచర్యం, నడివయస్సులో సోదరి ఇల్లు ఆయన కృషికి ఆధారాలయ్యాయి. శాస్త్రజ్ఞుని పేరు ఒక్కటే గ్రంథం మీద కనిపించినా, ఆ గ్రంథం వెనుక ఒక కుటుంబం ఉంటుంది.

ఆ దుఃఖంలోనుంచే ఆయన మళ్లీ కలం పట్టారు. భారతదేశ పక్షులను సామాన్య పాఠకులకు పరిచయం చేసే ఆయన గ్రంథం 1941లో వెలువడింది. నైనీ జైలులో ఉన్న కుమార్తె ఇందిరకు జవహర్‌లాల్ నెహ్రూ 1942లో ఆ పుస్తకాన్ని పంపారు. అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లేతో కలిసి సాలిం అలీ రచించిన పది సంపుటాల బృహద్గ్రంథం 1968–74 మధ్య వెలువడి, ఈ ఉపఖండపు పక్షులకు ప్రామాణిక గ్రంథమైంది. తుపాకితో మొదలైన జీవితం క్రమంగా సంరక్షణవైపు మళ్లింది. భరత్‌పూర్ పక్షుల సరస్సు రక్షణకు, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి పరిరక్షణకు ఆయన మాట బలాన్నిచ్చింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలు లభించాయి. అంతర్జాతీయ ఖ్యాతిగల గెట్టీ బహుమతి సొమ్మును ఆయన ప్రకృతి సంరక్షణ నిధికి అందజేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

కడప జిల్లా ముళ్లపొదలలో తిరిగే కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని భావింపబడింది. 1986 జనవరిలో సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ స్థానికుల సహాయంతో అది బ్రతికే ఉన్నదని నిరూపించారు. అప్పటికి సాలిం అలీ వయస్సు 89 సంవత్సరాలు. కలివికోడి కోసం 1988లో లంకమల అభయారణ్యం ఏర్పడింది. దానిని చూడకుండానే 1987 జూన్ 20వ తేదీన ఆయన బొంబాయిలో కన్నుమూశారు.

కలివికోడి కథలో ఒక సత్యమున్నది. పూర్వులు దానిని చూచి వ్రాసి ఉంచినందువల్లనే అది కనుమరుగైనదని మనకు తెలిసింది, తెలిసినందువల్లనే వెదకగలిగారు. వ్రాసి ఉంచని పక్షి పోయినా, పోయినదని చెప్పేవారు ఉండరు. హైదరాబాదు సర్వే విలువ ఇక్కడ ఉన్నది. ఆ దంపతులు నడిచిన నాటికీ నేటికీ నడుమ ఎన్నో ఊళ్ల చుట్టూ కర్మాగారాలు వెలిశాయి, చెరువుల నీరు మారింది. ఏమి మిగిలింది, ఏమి పోయింది అని పోల్చి చూడడానికి ఆనాటి వ్రాతలు ఒక కొలబద్దగా నిలిచాయి.

జిన్నారం పరిసరాలలో ఖాజీపల్లి అడవి ఉన్నది, కొంతదూరాన నర్సాపూర్ అడవి, మంజీరా అభయారణ్యం ఉన్నాయి. ఏ ఊరికైనా ఒక చెరువుగట్టు ఉంటుంది. సెలవునాడు ఉదయం ఇంటివారితో కలిసి అటు నడిచి, కనిపించిన కొంగను, లకుముకిపిట్టను, పేరు తెలియని మరొక పిట్టను తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. పేరు తెలియని పిట్టను గురించి అడగడానికి జంకకూడదు. సాలిం అలీ మహత్తర జీవితం అటువంటి ఒక ప్రశ్నతోనే ప్రారంభమైంది.