మొదటి ఆదేశం – డాక్టర్ ఏ.ఎస్. రావు

హైదరాబాదులోని రాంనగర్ నుండి విద్యానగర్, తార్నాకల మీదుగా ఈశాన్య దిశగా సాగిపోతే ఇ.సి.ఐ.ఎల్. కూడలి, దాని సమీపాన ఏ.ఎస్. రావు నగర్ ఎదురవుతాయి. బస్సుల పలకలపై ఆ పేరును నిత్యం చదివేవారు అనేకులు. ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు మాత్రం స్వల్పం.

అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్‌సి. పట్టం పొంది, అక్కడే పనిచేశారు. 1946లో టాటా విద్యార్థి వేతనంపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి విద్యుత్ ఇంజనీరింగును అభ్యసించారు. స్వదేశానికి మరలివచ్చి హోమీ భాభా సారథ్యంలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో మనదేశపు తొలి అణు రియాక్టరు 'అప్సర' పనిచేయనారంభించింది. అందులోని ఇంధనం ఇంగ్లండు నుండి వచ్చినది. దాని నియంత్రణ వ్యవస్థను మాత్రం రావుగారి ఎలక్ట్రానిక్స్ విభాగమే రూపొందించింది. రియాక్టరులో న్యూట్రాన్ల తాకిడిని క్షణక్షణం కొలవాలి. హద్దు మీరితే తక్షణం చర్యను నిలిపివేయాలి. అక్కడ పొరపాటుకు తావు లేదు. ఆ బాధ్యతను పరాయి దేశపు పెట్టెకు అప్పగించరాదన్నది ఆయన దృఢ విశ్వాసం.

1962లో జరిగిన చైనా యుద్ధం ఎలక్ట్రానిక్స్‌లో మన పరాధీనతను బయటపెట్టింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతంలతోపాటు రావుగారు అందులో సభ్యులు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు. అయినా తలపెట్టిన కార్యం ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అనగా ఇ.సి.ఐ.ఎల్., అవతరించింది. దానికి మూలపురుషుడు రావుగారే.

1969లో ట్రాంబేలో టి.డి.సి.-12 అనే కంప్యూటరు సిద్ధమైంది. పన్నెండు బిట్ల పదాలతో పనిచేసే ఆ యంత్రం ఉత్పత్తిని ఇ.సి.ఐ.ఎల్. చేపట్టింది. పిదప టి.డి.సి.-312, పదహారు బిట్ల టి.డి.సి.-316 వెలువడ్డాయి.

ఆ తరం చిన్న కంప్యూటర్లకు ప్రాణం పోసే విధానం నేటి విద్యార్థులకు వింతగా తోచవచ్చు. మీట నొక్కినంత మాత్రాన యంత్రానికి ఏమీ తెలియదు. ఒక చిరునామాలోని ఆదేశాన్ని తీసుకొని అమలు జరపడం, తరువాతి చిరునామాకు పోవడం, ఇంతే దానికి వచ్చిన విద్య. మరి మొట్టమొదటి ఆదేశాన్ని అక్కడ ఉంచేదెవరు? మనిషే. యంత్రం ముఖభాగాన స్విచ్చులు వరుసగా ఉండేవి. పైకెత్తితే ఒకటి, దించితే సున్న. ఒక్కొక్క ఆదేశాన్ని అంకెలుగా మార్చి, స్విచ్చులు అమర్చి, జ్ఞాపకశక్తిలో నిక్షేపించేవారు. అటువంటి కొద్దిపాటి ఆదేశాలు పూర్తికాగానే 'స్టార్ట్' నొక్కేవారు. అవి చిల్లుల కాగితపు పట్టీని చదివి, తమకన్న పెద్దదైన మరొక ప్రోగ్రామును లోపలికి తెచ్చేవి. అది అసలు ప్రోగ్రామును తెచ్చేది. దీనినే 'బూట్‌స్ట్రాప్' అంటారు. ఆ తొలి ఆదేశాలను అసెంబ్లీ భాషలో రాసుకొనేవారు. అందులో సాధారణంగా ఒక పొట్టి మాటకు యంత్రపు ఆదేశం ఒకటి. నాటకంలో సూత్రధారుడు ప్రస్తావన ముగించి తెర వెనుకకు తప్పుకొన్నట్లే ఈ ప్రోగ్రాము కూడా తన పని కాగానే తప్పుకొంటుంది.

అయస్కాంతపు పూసలతో అల్లిన నాటి జ్ఞాపకశక్తి, విద్యుత్తు పోయినా విషయాన్ని మరువదు. కావున ఒకసారి అమర్చిన ఆదేశాలు మరునాడూ నిలిచి ఉండేవి. దారితప్పిన ప్రోగ్రాము ఏదైనా వాటిని చెరిపివేసిందా, తిరిగి స్విచ్చుల వద్ద నిలబడవలసిందే! ఈనాడు ఆ తొలి ఆదేశాలు చిప్‌లోనే శాశ్వతంగా ఉంటాయి. అయినా సి భాషలో రాసిన ప్రోగ్రాములో 'మెయిన్' మొదలు కాకమునుపే స్టాకును నెలకొల్పి, చలరాశుల స్థానాలను సున్నలతో నింపే చిన్న ప్రోగ్రాము ఒకటి నేటికీ నడుస్తూనే ఉంది.

ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లపై విమర్శలు రాకపోలేదు. విదేశీ యంత్రాలు అంతకన్న చౌక అనీ, వేగవంతమైనవనీ, మనవి ఆలస్యంగా వస్తున్నాయనీ పలువురు ఆక్షేపించారు. అందులో సత్యం ఉంది. అయితే ధరనే చూసిన ఆ లెక్కలో ఒక అంశం చేరలేదు. 1974లో పోఖ్రాన్ పరీక్ష జరిగిన పిమ్మట కెనడా మన అణు విద్యుత్ కేంద్రాలకు సహకారాన్ని నిలిపివేసింది. తెచ్చుకొన్న పెట్టెను వాడుకోవడం మాత్రమే తెలిసినవారు అటువంటి వేళ చేతులు ముడుచుకోవలసి వచ్చేది. మొదటి ఆదేశం మొదలుకొని యంత్రాన్ని ఎరిగినవారు అప్పటికి మనకు ఉన్నారు. ఇ.సి.ఐ.ఎల్.లో పని నేర్చిన ఇంజనీర్లు కొందరు అనంతరం హైదరాబాదులోనే సొంత పరిశ్రమలు స్థాపించారు.

రావుగారికి 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ లభించాయి. 2003లో ఆయన కన్నుమూశారు.