గెలాక్సీలకూ వయసు మీద పడుతుందని లెక్క తేల్చిన బియాట్రిస్ టిన్స్‌లీ

బియాట్రిస్ టిన్స్‌లీ పోయి 40 ఏళ్లు దాటింది. ఖగోళశాస్త్రం చదివినవాళ్లకు ఆమె పేరు బాగా తెలుసు. మన ఇళ్లలో పిల్లలకు మాత్రం అంతగా తెలియదు కాబట్టి ఈసారి ఆమె గురించి రాస్తున్నాం.

1941 జనవరి 27న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ కుటుంబం న్యూజీలాండ్ వెళ్లి స్థిరపడింది. క్రైస్ట్‌చర్చ్‌లో భౌతికశాస్త్రం చదివి, అదే శాస్త్రం చదివిన బ్రయాన్ టిన్స్‌లీని పెళ్లాడారు. 1963లో భర్త ఉద్యోగం కోసం ఇద్దరూ అమెరికాలోని డల్లాస్ చేరారు. ఆ ఊళ్లో ఆమె చదువుకు తగిన పని దొరకలేదు. దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని ఆస్టిన్‌కు వెళ్లివస్తూ మూడేళ్లలోపే పీహెచ్‌డీ ముగించారు.

ఆ పరిశోధన అసలు విషయం ఇదీ. దూరపు గెలాక్సీని చూడటమంటే దాని పాత రూపాన్ని చూడటమే, ఎందుకంటే ఆ వెలుగు మనదాకా రావడానికి కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీలన్నీ ఎప్పుడూ దాదాపు ఒకే కాంతితో ఉంటాయనుకుని, మసకగా కనిపిస్తే దూరం ఎక్కువని లెక్క కట్టేవారు. విశ్వం ఎప్పటికీ విస్తరిస్తుందా, తిరిగి ముడుచుకుంటుందా అన్నది ఆ లెక్కతోనే తేల్చాలని చూశారు.

టిన్స్‌లీ ఆ పునాదినే ప్రశ్నించారు. బాగా వెలిగే భారీ నక్షత్రాలు త్వరగా ఆరిపోతాయి. కొత్తవి పుట్టడం ఆగిపోతే గెలాక్సీ ఏళ్లు గడిచేకొద్దీ మసకబారుతుంది. అంటే దూరాన కనిపించేవి ఆనాడు ఇంకా ప్రకాశవంతంగా ఉండేవన్నమాట. ఆ మార్పును కలుపుకోకపోతే అవి ఉన్నదానికంటే దగ్గరున్నట్టు తేలుతుంది, విశ్వం గురించిన తీర్పే తారుమారవుతుంది. ఆకాశంలో ఎన్ని మసక గెలాక్సీలు కనిపిస్తాయన్న లెక్కా అంతే. ఒకప్పుడు ఎక్కువ వెలిగినవి చాలా దూరం నుంచి కూడా మన కంటికి చిక్కుతాయి కాబట్టి సంఖ్య పెరుగుతుంది. అలన్ శాండేజ్ వంటి దిగ్గజాలు ఆమెతో విభేదించారు. ఆమె మాత్రం నక్షత్రాల వయసును, పుట్టుకను కలిపి లెక్క వేస్తూనే పోయారు. 1974లో మరో ముగ్గురితో కలిసి, విశ్వం విస్తరిస్తూనే ఉంటుందని సూచించే వ్యాసం ప్రచురించారు.

అదే ఏడాది విడాకులు. దత్తత తీసుకున్న ఇద్దరు పిల్లలు తండ్రి దగ్గరే ఉండిపోయారు. ఇది తప్పా ఒప్పా అని మేం తీర్పు చెప్పం. డల్లాస్‌లో సరైన ఉద్యోగం దొరికి ఉంటే ఏమయ్యేదోనని మాత్రం అనిపిస్తుంది. ఆ తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో చేరి, 1978లో అక్కడ ఖగోళశాస్త్రంలో ప్రొఫెసర్ అయిన తొలి మహిళగా నిలిచారు. అదే ఏడాది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ బయటపడింది.

జబ్బు ముదిరి కుడిచేయి పనిచేయకపోతే ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. పోవడానికి కొద్దిరోజుల ముందు చివరి వ్యాసం పత్రికకు పంపారు. 1981 మార్చి 23న కన్నుమూసేనాటికి ఆమె వయసు 40. న్యూజీలాండ్‌లోని ఫియోర్డ్‌లాండ్‌లో ఇప్పుడు ఆమె పేరుతో ఒక శిఖరం ఉంది.