హజ్జాజ్ బిన్ యూసుఫ్: అధికారం మిగిల్చిన గుణపాఠం

దివ్య ఖుర్‌ఆన్ ప్రతిలో అరబీ అక్షరాల పైనా కిందా చుక్కలు కనిపిస్తాయి. అవి లేకపోతే బా, తా, సా అనే మూడు అక్షరాలూ ఒకేలా ఉంటాయి. అరబీ మాతృభాష కాని వారు సైతం తప్పు లేకుండా పారాయణం చేయగలుగుతున్నారంటే ఆ చుక్కలే కారణం. వాటిని పెట్టించిన పాలకుడిగా చరిత్ర గ్రంథాలు ఎక్కువగా పేర్కొనే వ్యక్తి హజ్జాజ్ బిన్ యూసుఫ్ సఖఫీ. పవిత్ర కాబా వైపు రాళ్ల వర్షం కురిపించిన సేనాని కూడా అతనే. ఉమయ్యా ఖలీఫాల హయాంలో సుమారు 20 ఏళ్లు ఇరాఖ్‌ను ఏలిన ఈ గవర్నర్ పేరు ముస్లిం చరిత్రలో దౌర్జన్యానికి మారుపేరుగా నిలిచిపోయింది.

హజ్జాజ్ క్రీ.శ. 661 ప్రాంతంలో తాయిఫ్ పట్టణంలో సఖీఫ్ తెగలో జన్మించాడు. తండ్రిలాగే అతనూ మొదట్లో పిల్లలకు చదువు చెప్పేవాడని చరిత్రకారులు రాశారు. తర్వాత డమాస్కస్ చేరి రక్షకభటుల దళంలో కుదిరాడు. క్రమశిక్షణ తప్పిన సైన్యాన్ని కఠినంగా దారికి తెచ్చి ఖలీఫా అబ్దుల్ మలిక్ దృష్టిలో పడ్డాడు. ఆపై అతని ఎదుగుదలకు అడ్డు లేకపోయింది.

ఆ రోజుల్లో ముస్లిం సామ్రాజ్యం రెండుగా చీలి ఉంది. డమాస్కస్‌లో ఉమయ్యాలు ఏలుతుంటే, మక్కాలో హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి)ను ప్రజలు ఖలీఫాగా అంగీకరించారు. ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి)కు మనుమడు. క్రీ.శ. 692లో హజ్జాజ్ మక్కాను ముట్టడించాడు. కొండపై మంజనీఖ్‌లు, అంటే రాళ్లు విసిరే యంత్రాలు, నిలిపి పవిత్ర నగరంపై ప్రయోగించాడు. ఆరు నెలలకు పైగా సాగిన ముట్టడిలో తిండి కరువైంది. ప్రాణభిక్ష హామీ నమ్మి వేలమంది హజ్జాజ్ పక్షాన చేరిపోయారు.

చివరికి ఇబ్నె జుబైర్ (రజి) వృద్ధురాలైన తల్లి హజ్రత్ అస్మా (రజి) వద్దకు వెళ్లి సలహా అడిగారు. సత్యం కోసమే పోరాడుతున్నావని నీకు నమ్మకముంటే వెనుదిరగవద్దని ఆ మాతృమూర్తి హితవు చెప్పారు. ఆయన పోరాడుతూ అమరులయ్యారు. హజ్జాజ్ ఆయన భౌతికకాయాన్ని బహిరంగంగా వేలాడదీయించాడు. ఆ తల్లి కొద్ది కాలానికే కన్నుమూశారు.

క్రీ.శ. 694లో ఖలీఫా అతనికి ఇరాఖ్‌ను అప్పగించాడు. గవర్నర్లను లెక్కచేయని ప్రాంతంగా ఇరాఖ్‌కు పేరు. ముఖం కనపడకుండా తలపాగా చుట్టుకుని హజ్జాజ్ కూఫా మసీదు మింబర్ ఎక్కి మౌనంగా కూర్చున్నాడు. కొత్త గవర్నర్‌పై విసరాలని ఒకతను గులకరాళ్లు చేతిలోకి తీసుకున్నాడు. హజ్జాజ్ ముసుగు తీసి మాట్లాడటం మొదలుపెట్టగానే భయంతో అతని చేతిలోని రాళ్లు జారిపోయాయట. సైన్యం నుంచి పారిపోయి వచ్చినవారు మూడు రోజుల్లో తిరిగి వెళ్లాలని హజ్జాజ్ ఆదేశించాడు. ఒక ముసలివాడు వచ్చి, తనకు బదులు కొడుకును పంపుతానని వేడుకున్నాడు. పాత నేరమొకటి తవ్వితీసి హజ్జాజ్ అతని తల నరికించాడు. అది చూసిన జనం నదిపై వంతెన దాటడానికి తోసుకున్నారు.

పాలకుడిగా అతని సమర్థతను శత్రువులు కూడా కాదనలేదు. ఇరాఖ్‌లో పారసీ భాషలో సాగుతున్న ప్రభుత్వ లెక్కలను క్రీ.శ. 697 ప్రాంతంలో అరబీలోకి మార్పించాడు. కొత్త వెండి దిర్హములు ముద్రించాడు. కాలువలు తవ్వించాడు. కూఫా, బస్రాల నడుమ వాసిత్ నగరాన్ని కట్టించాడు. క్రీ.శ. 711లో ముహమ్మద్ బిన్ ఖాసిమ్‌ను సింధ్ మీదికి పంపింది కూడా అతనే.

అయితే ఆ లెక్కల్లో మనుషులు అంకెలుగానే మిగిలారు. ఇస్లాం స్వీకరించిన రైతులు పట్టణాలకు వలస వస్తే పన్ను తగ్గిపోతోందని వారిని బలవంతంగా పల్లెలకు తరిమించాడు. ముస్లింలైన తర్వాత కూడా వారి నుంచి జిజియా వసూలు చేయించాడు. దిక్కుతోచని ఆ జనాన్ని చూసి బస్రాలోని ఖుర్‌ఆన్ పండితులు కంటతడి పెట్టారు. సేనాని ఇబ్నుల్ అష్అస్ తిరుగుబాటు చేసినప్పుడు ఆ పండితులలో అనేకులు అతని పక్షం వహించారు. హజ్జాజ్‌ను తొలగిస్తాను, శాంతించండని ఖలీఫా స్వయంగా కబురు పంపాడు. తిరుగుబాటుదారులు ఒప్పుకోలేదు. క్రీ.శ. 701 ప్రాంతంలో దైరుల్ జమాజిమ్ వద్ద జరిగిన యుద్ధంలో వారు ఓడిపోయారు. బందీలు తాము అవిశ్వాసులమయ్యామని ఒప్పుకుంటే వదిలేశాడు, ఒప్పుకోని వారిని చంపించాడు.

ఆ తిరుగుబాటులో పాల్గొన్న మహా పండితుడు హజ్రత్ సయీద్ బిన్ జుబైర్ (రహ్మలై). ఆయన ఇబ్నె అబ్బాస్ (రజి) ప్రియశిష్యులు. పదేళ్లకు పైగా అజ్ఞాతంలో గడిపారు. చివరికి మక్కాలో పట్టుబడ్డారు. వాసిత్‌లో హజ్జాజ్ ముందు నిలబెట్టినప్పుడు ఆయన తొణకలేదు. క్షమాపణ వేడలేదు. క్రీ.శ. 714లో ఆయన శిరసు తెగిపడింది. ఆ తర్వాత హజ్జాజ్‌కు నిద్ర కరువైందని, కలలో సయీద్ కనిపించి నిలదీసేవారని గ్రంథాలు చెబుతాయి. కొద్ది వారాలకే, హిజ్రీ 95 రమజాన్ నెలలో, కడుపు జబ్బుతో హజ్జాజ్ చనిపోయాడు. అప్పటికి 50 ఏళ్లు దాటాయి. ఈ వార్త విని, అతనికి భయపడి ఏళ్ల తరబడి దాక్కున్న హజ్రత్ హసన్ బస్రీ (రహ్మలై) కృతజ్ఞతతో సజ్దా చేశారట.

హజ్జాజ్ వదిలివెళ్లిన ఆస్తి 300 దిర్హములు, ఒక ఖుర్‌ఆన్ ప్రతి, కత్తి, జీను వంటి కొద్దిపాటి వస్తువులేనని చరిత్రకారులు రాశారు. అంటే అతను సొంతానికి దోచుకోలేదు. లంచగొండి కాడు. ఖలీఫాకు చివరి శ్వాస వరకూ విధేయుడు. కానీ ప్రజాధనం ముట్టనివాడు ప్రజల ప్రాణాలకు లెక్క చెప్పనక్కర్లేదా? పైవాడి ఆజ్ఞ పాటించానన్న జవాబు ప్రళయదినాన నిలుస్తుందా? అధికార పీఠం చిన్నదైనా పెద్దదైనా, దాని మీద కూర్చున్న ప్రతి ఒక్కరూ వేసుకోవలసిన ప్రశ్నలివి.

మరుసటి ఏడాది ఖలీఫా అయిన సులైమాన్, హజ్జాజ్ జైళ్లలో మగ్గుతున్నవారిని విడుదల చేశాడు. హజ్జాజ్ బంధువులను పట్టి హింసించారు. సింధ్ నుంచి సంకెళ్లతో వచ్చిన ముహమ్మద్ బిన్ ఖాసిమ్ అదే వాసిత్ జైలులో ప్రాణాలు వదిలాడు. తర్వాత వచ్చిన ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) కొత్త ముస్లింలపై జిజియాను రద్దు చేశారు. ప్రజల్లో భయం నింపి హజ్జాజ్ కాపాడాలనుకున్న ఉమయ్యా సామ్రాజ్యం అతను పోయిన 36 ఏళ్లకే, క్రీ.శ. 750లో కూలిపోయింది. ఇరాఖ్‌లో చిట్టచివరగా లొంగిపోయిన ఉమయ్యా కోట అతను కట్టించిన వాసితే. కాలక్రమంలో టైగ్రిస్ నది దారి మార్చుకోగా ఆ నగరం కూడా శిథిలమైంది. ఖుర్‌ఆన్ అక్షరాల మీది చుక్కలు మాత్రం నేటికీ నిలిచి ఉన్నాయి. చేసిన మేలు, చేసిన జులుం రెండూ అల్లాహ్ త్రాసులో తూగవలసినవే.