మౌలానా ఆజాద్: విశ్వాసం, లౌకిక ప్రజాస్వామ్యం

మన నగరానికి పశ్చిమాన హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనం 1998లో ప్రారంభమైంది. దాని సమీపంలోని గచ్చిబౌలిలో నేడు విస్తరించి ఉన్న జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడ పార్లమెంటు చట్టం ననుసరించి ఆ సంవత్సరమే జనవరిలో నెలకొన్నది. దానికి మౌలానా అబుల్ కలాం ఆజాద్ పేరు పెట్టారు. జీవితంలో ఏనాడూ కళాశాల మెట్లెక్కని వ్యక్తి పేరు ఒక విశ్వవిద్యాలయానికి శాశ్వతంగా నిలవడం విశేషం.

సమాజశాస్త్రం అభ్యసించే విద్యార్థులకు ప్రజాస్వామ్యం, లౌకికీకరణ అనే రెండు విషయాలు తప్పక ఎదురవుతాయి. విజ్ఞానం, పరిశ్రమలు పెరిగిన కొద్దీ మతప్రభావం సన్నగిల్లుతుందని పాశ్చాత్య పండితులు అనేకులు భావించారు. జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఆధునిక యుగంలో హేతుబుద్ధి విస్తరించి లోకం తన పూర్వపు మహిమను కోల్పోతున్నదని వివరించారు. అంతకు పూర్వమే 1831లో అమెరికా పర్యటించిన ఫ్రెంచి మేధావి టోక్విల్ వేరొక సత్యాన్ని గమనించారు. మతాచార్యులు రాజ్యాధికారానికి దూరంగా ఉన్నచోట మతమూ, ప్రజాస్వామ్యమూ ఒకదానికొకటి అడ్డు కావని ఆయన తెలుసుకున్నారు. మరి ఇన్ని మతాలకు నిలయమైన భారతదేశం మాట ఏమిటి? ఈ ప్రశ్నకు ఆజాద్ జీవితం చక్కని సమాధానం.

ఆజాద్ 1888 నవంబరు 11న పవిత్ర మక్కా నగరంలో జన్మించారు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గొప్ప పండితులు, అనేకమంది శిష్యులు గల సూఫీ గురువు. బాల్యంలోనే కుటుంబం కలకత్తా చేరింది. అరబ్బీ, పారశీక భాషలను, ధర్మశాస్త్రాన్ని, తర్కాన్ని ఇంటివద్దనే నేర్చుకున్నారు. తండ్రి గురుపీఠం వారసత్వంగా లభించే అవకాశమున్నా, వంశపారంపర్యంగా వచ్చిన విశ్వాసాన్ని పరీక్షించకుండా స్వీకరించడానికి ఆయన మనస్సు అంగీకరించలేదు. కొంతకాలం తీవ్రమైన సంశయంలో గడిపారు. ఆ సంకెళ్ళనుండి విముక్తికి గుర్తుగానే ఆజాద్ అన్న కలం పేరు ధరించారు. చివరకు మళ్ళీ విశ్వాసానికే వచ్చారు. కాని ఈసారి వచ్చినది స్వబుద్ధితో.

1912లో ఆయన స్థాపించిన అల్ హిలాల్ వారపత్రిక ఉర్దూ పాఠకలోకాన్ని ఉర్రూతలూగించింది. బ్రిటిషు ప్రభుత్వపు ఒత్తిడివల్ల 1914లో అది ఆగిపోయింది. 1916 నుండి 1919 చివరి వరకు రాంచీలో నిర్బంధం అనుభవించారు. తొలినాటి రచనలలో ముస్లింల పునరుజ్జీవనమే ఆయన ప్రధాన లక్ష్యం. ఖిలాఫత్, సహాయనిరాకరణ ఉద్యమాలలో హిందూ ముస్లింలు కలిసి నడిచిన అనుభవం ఆయన దృష్టిని విశాలం చేసింది. 1923లో 35 ఏళ్ళైనా నిండకముందే కాంగ్రెస్ ప్రత్యేక మహాసభకు అధ్యక్షత వహించారు. తర్జుమానుల్ ఖురాన్ అనే తమ వ్యాఖ్యానంలో సర్వమతాల మూలధర్మం ఒక్కటేనని, భేదాలు ఆచారవిధులలోనివని ప్రతిపాదించారు.

1940లో రాంగఢ్ కాంగ్రెస్ అధ్యక్షపీఠం నుండి తమ ఇస్లాం వారసత్వం, భారతీయత రెండూ తమకు గర్వకారణాలేననీ, ఒకదానికోసం మరొకదానిని వదులుకోననీ స్పష్టం చేశారు. అదే సంవత్సరం ముస్లిం లీగు నాయకుడు జిన్నా ఆయనతో సంప్రదింపులు జరపడానికి సైతం నిరాకరించారు. స్వమతస్థులలో అనేకులు ఆయనకు దూరమైనారు. 1942 నుండి అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉండగా 1943లో భార్య జులేఖా బేగం మరణించారు. కడసారి చూపు కూడ దక్కలేదు. ఏ విభజనను నివారించాలని జీవితమంతా శ్రమించారో అదే 1947లో కళ్ళెదుట జరిగింది. ఆ అక్టోబరులో ఢిల్లీ జామా మసీదులో, మూటలు కట్టుకొని వలసపోతున్న ముస్లింలను ఉద్దేశించి, ఇది మీ దేశమే, నిలవండని ఉద్బోధించారు. ఓడిన నాయకుని మాట అనదగిన ఆ ప్రసంగం ఎందరికో ధైర్యమిచ్చింది.

స్వతంత్ర భారతపు ప్రథమ విద్యామంత్రిగా 1947 నుండి 1958 వరకు పనిచేశారు. 1951లో ఖరగ్‌పూర్ సాంకేతిక విద్యాసంస్థను, 1953లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్‌ను ప్రారంభించారు. నేటి హైటెక్ సిటీ ఇంజనీర్ల విద్యకు ఆధారమైన వ్యవస్థకు బీజాలు ఆనాడు పడినవే. పాఠశాలల్లో మతబోధనను ప్రభుత్వం పూర్తిగా విడిచిపెడితే పిల్లలు సంకుచితమైన చేతుల్లో పడతారని 1948లో ఆయన ఆందోళన చెందారు. కాని ప్రభుత్వ నిధులతోనే పూర్తిగా నడిచే సంస్థలలో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో నిర్ణయించింది. ఆ రాజ్యాంగం క్రిందనే ఆయన విద్యాశాఖను నడిపారు. తమ అభిప్రాయంకన్న ప్రజాప్రతినిధుల సమష్టి నిర్ణయం మిన్న అని భావించడమే ప్రజాస్వామ్య సంస్కారం. అదే రాజ్యాంగపు 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు నెలకొల్పుకొనే హక్కునిచ్చింది. మన కళాశాల వంటి సంస్థలకు అదే పునాది.

1952లో రాంపూర్ నుండి లోక్‌సభకు ఎన్నికైన ఆజాద్ 1957లో హిందువులు అధికసంఖ్యలో గల గుర్‌గావ్ నుండి గెలుపొందారు. విభజన గాయాలు ఇంకా మానని ప్రాంతపు ఓటర్లు ఒక మౌలానాను తమ ప్రతినిధిగా పంపారు. వారెవరూ తమ మతాన్ని వదులుకోలేదు. ఆయనను వదులుకొమ్మని కోరనూ లేదు. మన దేశంలో లౌకికీకరణకు అర్థం ఇదే. దేవుని మరచిపోవడం కాదు. పౌరసత్వాన్ని మతంతో కొలవకపోవడం.

1958 ఫిబ్రవరి 22న ఆయన పరమపదించారు. ఢిల్లీ జామా మసీదు సమీపంలో సమాధి ఉన్నది. 1992లో మరణానంతరం భారతరత్న లభించింది. 2008 నుండి ఆయన జన్మదినాన్ని జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

విద్యార్థినీ విద్యార్థులారా! గచ్చిబౌలి మార్గాన వెళ్ళేటప్పుడు ఆ విశ్వవిద్యాలయ ద్వారం మీది పేరును ఒక్కసారి చదవండి. విశ్వాసమూ, విచారణా ఒకే హృదయంలో నివసించగలవని నిరూపించిన మహనీయుని పేరది. పుస్తకంలోని లౌకికత్వం పరీక్షతో ముగుస్తుంది. పక్క బల్లపై కూర్చున్న మిత్రునితో మీరు మెలగే తీరులోని లౌకికత్వం జీవితాంతం నిలుస్తుంది.