హెన్రీ లీ చాట్లియర్

హెన్రీ లూయీ లీ చాట్లియర్ (అక్టోబరు 8, 1850 - సెప్టెంబరు 17, 1936) ప్రముఖ ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, గనుల ఇంజనీరు. ఇంటర్మీడియట్ విద్యార్థులు రసాయన సమతాస్థితి పాఠంలో చదువుకునే లీ చాట్లియర్ సూత్రాన్ని ప్రతిపాదించినది ఈయనే. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిసి మండితే 3000 డిగ్రీల సెల్సియస్‌కు మించిన ఉష్ణోగ్రత వస్తుందని 1895లో తెలియజేశాడు. సిద్దిపేట వంటి పట్టణాలలో ట్రాక్టరు ట్రాలీలను, వ్యవసాయ పనిముట్లను బాగుచేసే గ్యాస్ వెల్డింగు దుకాణాలలోని మంటకు ఈ పరిశీలన పునాది. వాయు మిశ్రమాలు ఎందుకు పేలుతాయి, మంట ఎంత వేగంగా వ్యాపిస్తుంది అనే విషయాలపై ఈయన చేసిన పరిశోధనలు ఆ మంటను సురక్షితంగా వాడుకోవడానికి కూడా ఆధారమయ్యాయి.

బాల్యము, విద్యాభ్యాసము

లీ చాట్లియర్ పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి లూయీ లీ చాట్లియర్ పేరుపొందిన ఇంజనీరు. ఫ్రాన్సులో రైలు మార్గాల నిర్మాణంలోను, అల్యూమినియం పరిశ్రమ స్థాపనలోను పాలుపంచుకున్నాడు. ఈఫిల్ టవరుపై చెక్కిన 72 పేర్లలో కనిపించే లీ చాట్లియర్ ఈ తండ్రే గాని కుమారుడు కాదు. ఆరుగురు సంతానంలో హెన్రీ పెద్దవాడు. తల్లి ఇంటిలో కట్టుదిట్టమైన క్రమశిక్షణ పాటించేది. సమయపాలన, పద్ధతి ఈయనకు చిన్ననాటి నుండే అలవడ్డాయి.

పారిస్‌లోని రోలాన్ కళాశాలలో చదివి 1869లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశించాడు. మరుసటి సంవత్సరం ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో చదువు ఆగిపోయింది. పారిస్ ముట్టడి సమయంలో సైన్యంలో పనిచేశాడు. యుద్ధానంతరం గనుల ఇంజనీరింగు కళాశాల అయిన ఎకోల్ దె మీన్‌లో చేరి ఇంజనీరు అయ్యాడు. 1876లో వివాహం చేసుకున్నాడు. ఈ దంపతులకు ఏడుగురు సంతానం. బెజాన్సాన్‌లో కొంతకాలం గనుల ఇంజనీరుగా పనిచేసిన తరువాత 1877లో తాను చదివిన ఎకోల్ దె మీన్‌కే ఆచార్యుడిగా వచ్చాడు.

గనులలో పేలుళ్ళపై పరిశోధన

ఆ కాలంలో బొగ్గుగనులలో మీథేన్ వాయువు పేలి ఎందరో కార్మికులు మరణించేవారు. ఈ ప్రమాదాలను అరికట్టే మార్గాలను పరిశీలించడానికి ఫ్రెంచి ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. దాని కోసం లీ చాట్లియర్, సహ ఆచార్యుడు ఎర్నెస్ట్ మల్లార్ కలిసి ప్రయోగాలు చేశారు. వీరి ఫలితాలు 1883లో వెలువడ్డాయి.

మండే వాయువు గాలితో కలిసినంత మాత్రాన పేలదు. గాలిలో మీథేన్ సుమారు 5 నుండి 15 శాతం వరకు ఉన్నపుడే మంట వ్యాపిస్తుంది. అంతకంటే తక్కువైతే ఇంధనం చాలదు, ఎక్కువైతే ఆక్సిజన్ చాలదు. ఇటువంటి మిశ్రమాలు ఏ ఉష్ణోగ్రత వద్ద అంటుకుంటాయో, గొట్టాలలో మంట ఎంత వేగంతో ప్రయాణిస్తుందో వీరు కొలిచారు. మిశ్రమంలోని పాళ్ళు మారితే మంట వేగం కూడా మారుతుందని చూపారు. కొన్ని పరిస్థితులలో మామూలు మంట ఒక్కసారిగా విస్ఫోట తరంగంగా మారి ధ్వని కంటే వేగంగా దూసుకుపోతుందని కూడా 1881లో గమనించారు. అదే సంవత్సరం బెర్తెలో, వియే అనే శాస్త్రవేత్తలు విడిగా ఇదే విషయాన్ని కనుగొన్నారు.

1891లో లీ చాట్లియర్ మరొక నియమాన్ని ఇచ్చాడు. రెండు లేక అంతకంటే ఎక్కువ ఇంధన వాయువులు కలిసి ఉన్నపుడు, ఆ మిశ్రమం గాలిలో అంటుకునే కనీస శాతాన్ని ఒక్కొక్క వాయువు పరిమితి నుండి లెక్కకట్టే పద్ధతి ఇది. ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన ఎల్.పి.జి. వంటి ఇంధనాలకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది.

సమతాస్థితి సూత్రము

సిమెంటు గట్టిపడే తీరును, కొలిమిలో జరిగే చర్యలను పరిశీలిస్తున్న క్రమంలో 1884లో ఈయన తన ప్రసిద్ధ సూత్రాన్ని ప్రకటించాడు. 1888లో దానిని మరింత సరళంగా తిరిగి చెప్పాడు. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థ యొక్క ఉష్ణోగ్రత, పీడనం లేదా గాఢతలో మార్పు కలిగించినపుడు, ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే దిశలో వ్యవస్థ జరుగుతుందన్నది దీని సారాంశం.

ఎసిటిలీన్ మంట

ఎసిటిలీన్‌ను 1836లో ఎడ్మండ్ డేవీ కనుగొన్నప్పటికీ చాలాకాలం అది ప్రయోగశాలకే పరిమితమయింది. 1892లో విద్యుత్ కొలిమిలో కాల్షియం కార్బైడు తయారుచేసే పద్ధతి దొరకడంతో ఈ వాయువు చవకగా లభించసాగింది. కార్బైడుపై నీరు పడితే ఎసిటిలీన్ వెలువడుతుంది. 1895లో లీ చాట్లియర్ ఈ వాయువును సమాన ఘనపరిమాణం గల ఆక్సిజన్‌తో మండించినపుడు, అప్పటివరకు తెలిసిన హైడ్రోజన్ - ఆక్సిజన్ మంటను మించిన వేడి వస్తుందని నివేదించాడు. ఎడ్మోన్ ఫూషే, షార్ల్ పికార్ అనే ఫ్రెంచి ఇంజనీర్లు 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఈ మంటను పనికి వాడుకునే టార్చిని రూపొందించారు.

అయితే ఎసిటిలీన్‌ను ఎక్కువ పీడనానికి గురిచేస్తే ఆక్సిజన్ లేకుండానే విచ్ఛిన్నమై పేలుతుంది. అందుకే దానిని సిలిండరులో సచ్ఛిద్ర పదార్థం నింపి, ఎసిటోన్‌లో కరిగించి నిల్వచేస్తారు. ఎసిటోన్‌లో కరిగించే పద్ధతిని 1896 ప్రాంతంలో జార్జి క్లోద్, ఆల్బర్ట్ హెస్ కనుగొన్నారు.

టార్చి ఎంపికలో ఈ పరిశోధనల ప్రాధాన్యత

నాజిల్ నుండి వాయువు వెలువడే వేగం మంట వెనుకకు ప్రాకే వేగం కంటే ఎక్కువగా ఉన్నపుడే మంట నాజిల్ కొన వద్ద నిలుస్తుంది. వాయు ప్రవాహం తగ్గితే మంట టార్చిలోకి, అక్కడినుండి గొట్టంలోకి చొరబడుతుంది. కనుక నాజిల్ ఎంత పెద్దదైతే అంత మంచిదన్న అభిప్రాయం సరికాదు. లోహాన్ని వేడిచేసి వంచడానికి వాడే, అనేక రంధ్రాలు గల రోజ్‌బడ్ నాజిల్‌కు చాలా వాయువు కావాలి. చిన్న సిలిండరు దానికి సరిపడా అందించలేకపోతే ప్రవాహం మందగించి మంట వెనుదిరుగుతుంది.

సిలిండరులో ఉన్న ఎసిటిలీన్‌లో గంటకు ఏడవ వంతుకు మించి తీయరాదనేది చాలాకాలంగా ఉన్న నియమం. ఏడు ఘనపు మీటర్ల సిలిండరు నుండి ఇది గంటకు ఒక ఘనపు మీటరు మాత్రమే. అంతకు మించి లాగితే వాయువుతో పాటు ఎసిటోన్ కూడా బయటకు వస్తుంది. ఆ తరువాత వచ్చిన కొన్ని ప్రమాణాలు పదవ వంతునే పరిమితిగా సూచించాయి. ఎక్కువ వాయువు కావలసినపుడు రెగ్యులేటరు పీడనం పెంచడం పరిష్కారం కాదు. ఎసిటిలీన్‌ను చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం మించి వాడరాదు. అనేక సిలిండర్లను కలిపి వాడడమో, ఇంధనాన్ని మార్చడమో, నాజిల్ తగ్గించడమో చేయవలసి ఉంటుంది.

వేడిచేసే పనికి ఎల్.పి.జి. లేదా ప్రొపేన్ తగిన ఇంధనం. దాని మంట ఉష్ణోగ్రత సుమారు 2800 డిగ్రీలే అయినా, మంట వెలుపలి భాగంలో వేడి ఎక్కువగా ఉంటుంది. మంట వ్యాపించే వేగం ఎసిటిలీన్ కంటే తక్కువ. అయితే ఒక పాలు ప్రొపేన్‌కు సుమారు నాలుగు పాళ్ళ ఆక్సిజన్ కావాలి. అందుచేత ఎసిటిలీన్ కోసం చేసిన నాజిల్ దీనికి పనికిరాదు. గొట్టం కూడా ఆ ఇంధనానికి తగినదే ఉండాలి. ఎల్.పి.జి. గాలికంటే బరువైనది కనుక లీకైతే నేలమీద, గుంతలలో చేరి నిలుస్తుంది. ఇంధనం ఏదైనా, మంట వెనుకకు రాకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టరు రెండు గొట్టాలకూ అవసరం. ఇది మంటను సన్నని దారుల గుండా పంపి చల్లార్చుతుంది. గని కార్మికుల రక్షణ దీపానికి హంఫ్రీ డేవీ 1815లో వాడిన సన్నని జల్లెడ తీగలోనూ ఇదే సూత్రం ఉంది.

అమ్మోనియా ప్రయోగము, ప్రమాదము

వాయు మిశ్రమాల ప్రమాదాన్ని ఇంతగా తెలిసిన లీ చాట్లియర్ ప్రయోగశాలలోనే 1901లో పెద్ద పేలుడు జరిగింది. నత్రజని, హైడ్రోజన్‌లను 200 వాతావరణ పీడనం, 600 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద కలిపి అమ్మోనియా తయారుచేయాలని ఈయన ప్రయత్నించాడు. పరికరంలోకి పొరపాటున గాలి చేరడం వలన అందులోని ఆక్సిజన్, హైడ్రోజన్‌తో కలిసి పేలింది. సహాయకుడు తృటిలో ప్రాణాపాయం తప్పించుకున్నాడు. లీ చాట్లియర్ ఆ పరిశోధనను విరమించుకున్నాడు. తరువాత కొద్ది సంవత్సరాలకే జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ హేబర్ ఇదే మార్గంలో విజయం సాధించి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈ అవకాశం చేజారడం తన శాస్త్ర జీవితంలో అతి పెద్ద పొరపాటని లీ చాట్లియర్ వృద్ధాప్యంలో ఒప్పుకున్నాడు. ఈయనకు నోబెల్ బహుమతి లభించలేదు.

ఇతర కృషి, గౌరవాలు

అధిక ఉష్ణోగ్రతలను కొలవడానికి ప్లాటినం, ప్లాటినం - రోడియం తీగలతో ఉష్ణయుగ్మాన్ని తయారుచేశాడు. సిమెంటుపై చేసిన పరిశోధనకు 1887లో డాక్టరేటు పొందాడు. 1904లో లోహశాస్త్ర పత్రికను స్థాపించాడు. కర్మాగారాల నిర్వహణపై అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ భావాలను ఫ్రాన్సులో ప్రచారం చేశాడు. కాలేజ్ ద ఫ్రాన్స్‌లోను, 1907 నుండి సోర్బాన్‌లోను ఆచార్యుడిగా పనిచేశాడు. 1907లోనే ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యాడు. 1916లో రాయల్ సొసైటీ వారి డేవీ పతకం లభించింది. 1936లో ఫ్రాన్సులోని మిరిబెల్ లేజ్ ఎషెల్ గ్రామంలో తన 85వ యేట మరణించాడు.

తెలుగునాట

తెలుగు ప్రాంతాల విద్యార్థులకు ఈయన పేరు రెండు చోట్ల ఎదురవుతుంది. ఒకటి రసాయన శాస్త్ర పాఠ్యపుస్తకం. రెండవది సివిల్ ఇంజనీరింగు ప్రయోగశాలలోని లీ చాట్లియర్ పరికరం. సిమెంటు గట్టిపడిన తరువాత ఎంత వ్యాకోచిస్తుందో దీనితో పరీక్షిస్తారు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఈ వ్యాకోచం 10 మిల్లీమీటర్లు మించరాదు. వెల్డింగు దుకాణంలో మాత్రం ఈయన పేరు వినబడదు. అయినా వాయువుల పాళ్ళు, వాటి ప్రవాహ వేగం సరిచూసుకుని టార్చి వెలిగించే ప్రతిచోటా ఈయన పరిశోధన ఫలితం ఆచరణలో ఉన్నట్లే.